యాపిల్ తోటకు ఏ పొటాష్, ఎంత, ఎప్పుడు

హిమాచల్ ప్రదేశ్‌లో 2024 సీజన్ నుంచి యాపిల్‌ను 20 కిలోలు పట్టే యూనివర్సల్ కార్టన్‌లోనే సర్ది మార్కెట్‌కు పంపాలన్న నియమం అమల్లోకి వచ్చింది. ఆ పెట్టె ఒకటి తోట దాటి వెళ్లినప్పుడు దానితోపాటు వెళ్లిపోయే పొటాషియం సుమారు 21.4 గ్రాములు. ఎరువుల బస్తా మీద రాసే పొటాష్ లెక్కలోకి, అంటే పొటాషియం ఆక్సైడ్ లెక్కలోకి మార్చడానికి దాన్ని 1.2తో గుణిస్తే 26 గ్రాములు వస్తుంది. ఐదు పెట్టెలు కాసిన చెట్టు పండ్ల రూపంలో పోగొట్టుకునేది 130 గ్రాముల పొటాష్ అన్నమాట. అదే రాష్ట్రంలో చాలాకాలంగా చలామణిలో ఉన్న సిఫార్సు మాత్రం చెట్టు వయసులో ఒక్కో ఏడాదికి 70 గ్రాముల నత్రజని, 35 గ్రాముల భాస్వరం, 70 గ్రాముల పొటాష్ చొప్పున పెంచుకుంటూ పోయి, పదేళ్లు నిండిన చెట్టుకు 700 గ్రాముల పొటాష్ దగ్గర ఆగమంటుంది. పోయేది 130, వేసేది 700. ఎంఓపీ (మ్యూరేట్ ఆఫ్ పొటాష్) కొనాలా, ఎస్ఓపీ (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) కొనాలా అన్న ప్రశ్న కంటే ముందు ఈ తేడాను అర్థం చేసుకోవాలి.

సిఫార్సు తప్పని దీని అర్థం కాదు. వేసిన పొటాష్‌లో కొంత భాగాన్ని బంకమట్టి తన పొరల మధ్య బిగించి పట్టుకుంటుంది. హిమాలయ నేలల్లో విస్తారంగా ఉండే ఇల్లైట్ ఖనిజానికి ఈ గుణం ఎక్కువ, పట్టుకున్నదాన్ని నెమ్మదిగా వదిలే గుణమూ దానిదే. చెట్టు కలపలోకి, కొత్త కొమ్మల్లోకి కొంత చేరుతుంది. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న ఏటవాలు నేలలో కొంత వాననీటితో దిగిపోతుంది. రాలిన ఆకులను గాలి పక్క తోటకు చేర్చినా, తెగుళ్లకు భయపడి మనమే ఊడ్చి బయటపడేసినా, వాటిలోని పొటాష్ కూడా లెక్కలోంచి పోతుంది. ఇన్ని ఖర్చులకూ కలిపి, సగటు నేలను దృష్టిలో పెట్టుకుని కట్టిన అంకె 700. మీ తోట ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పేది పరీక్ష ఒక్కటే.

ముందు అవసరం తేలాలి

మట్టి పరీక్షలో హెక్టారుకు లభ్య పొటాషియం 280 కిలోలు దాటితే మన ప్రయోగశాలలు దాన్ని ఎక్కువ కిందే రాస్తాయి. అయితే యాపిల్ వేరు లోతుకు పోతుంది, మట్టి నమూనా మాత్రం సాధారణంగా పైపొరకే పరిమితమవుతుంది. అందువల్ల కాపుకొచ్చిన తోటలో ఆకు పరీక్షకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఉత్తర భారతంలో జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, ఆ ఏడు వచ్చిన కొమ్మకు నడిమి భాగంలో ఉన్న ఆకులను కాడతో సహా తీయాలి. చివరి లేత ఆకులూ వద్దు, మొదట్లోని ముదురు ఆకులూ వద్దు. ఎండబెట్టిన ఆకులో పొటాషియం దాదాపు 1.3 నుంచి 1.8 శాతం మధ్య ఉంటే చెట్టుకు లోటు లేనట్టే. అంతకంటే ఎక్కువ ఉన్న తోటలో ఆ ఏడు బస్తా ముట్టుకోకపోవడమే సరైన నిర్ణయం, చాలామంది రైతులకు ఇది మింగుడుపడకపోయినా.

కంటితో చూసి లోపాన్ని పట్టుకోవడం అనుకున్నంత సులువు కాదు. పొటాషియం చాలని చెట్టులో ముందుగా కొమ్మ మొదట్లోని ముదురు ఆకుల అంచులు బూడిద కలిసిన గోధుమ రంగుకు తిరిగి, మాడిన కాగితంలా పైకి ముడుచుకుంటాయి. మాడిన అంచుకూ పచ్చటి భాగానికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది, ఆకు మాత్రం చాలాకాలం కొమ్మను వదలదు. ఆకు ఈనెలకు మధ్యనున్న భాగం పసుపు తిరిగి, ఆ ఆకులు త్వరగా రాలిపోతుంటే అది మెగ్నీషియం లోపం కావచ్చు, దానికి పొటాష్ వేస్తే పరిస్థితి మరింత చెడుతుంది. ఆకు మీద ముదురు మచ్చలు లేచి, మిగతా ఆకంతా పసుపెక్కి ఆగస్టులోనే నేల మీద పరచుకుంటే అది మార్సోనినా తెగులు. దానికి కావలసింది శిలీంధ్రనాశిని. ఇక ఎండాకాలంలో నేల ఎండినప్పుడు పొటాష్ పుష్కలంగా ఉన్న చోట కూడా లోప లక్షణాలే కనిపిస్తాయి, ఎందుకంటే పొటాషియం వేరును చేరాలంటే మట్టి రేణువుల చుట్టూ ఉండే నీటి పొర గుండానే రావాలి. అటువంటి తోటకు కావలసింది నీళ్లు, పాదుల్లో గడ్డి కప్పు.

ఎక్కువైతే పోయేదేముంది, నేలలోనే ఉంటుంది కదా అన్న మాట తరచుగా వినిపిస్తుంది. యాపిల్ విషయంలో పోయేది చాలా ఉంది. పండులో పొటాషియం క్యాల్షియం కంటే సహజంగానే సుమారు 18 రెట్లు ఎక్కువ. పైన చెప్పిన 20 కిలోల పెట్టెలో క్యాల్షియం ఒక గ్రాము పైచిలుకే. పొటాష్ మితిమీరితే వేరు దగ్గరా, పండులోనూ ఆ కొద్దిపాటి క్యాల్షియానికి కూడా పోటీ పెరుగుతుంది. దాని ఫలితమే బిట్టర్ పిట్: పండు తొడిమకు ఎదురు కొసన తొక్క కింద గోధుమ రంగు బెండు చుక్కలు, కొరికితే చేదు. కోసినరోజు నున్నగా, ఎర్రగా ఉన్న పండు శీతల గిడ్డంగిలో రెండు నెలలుండి బయటికి వచ్చేసరికి గుంటలు పడి ఉంటుంది. కాపు పలచగా ఉన్న ఏడు పండ్లు లావెక్కి ఈ జబ్బు మరీ ఎక్కువవుతుంది కాబట్టి, కాపు తగ్గిన సంవత్సరంలో పొటాష్ తగ్గించమని సిఫార్సులే చెబుతాయి. ఆ వాక్యం దాకా చదివేవారు తక్కువ.

ఎంఓపీయా, ఎస్ఓపీయా

అవసరం ఉందని తేలిన తర్వాతే ఈ పోలిక. మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే ఎంఓపీలో పొటాష్ 60 శాతం, దాంతోపాటు క్లోరైడ్ మొత్తం బరువులో సుమారు 47 శాతం (పొటాష్ అంకె ఆక్సైడ్ లెక్కలోది కాబట్టి రెండూ కలిపితే వంద దాటుతుంది). సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అంటే ఎస్ఓపీలో పొటాష్ 50 శాతం, గంధకం సుమారు 17.5 శాతం. ధర పోల్చేటప్పుడు బస్తా ధరను బస్తా ధరతో పోల్చకూడదు, కిలో పొటాష్‌కు ఎంత పడుతుందో చూడాలి: 50 కిలోల ఎంఓపీ బస్తా ధరను 30తో, 25 కిలోల ఎస్ఓపీ సంచి ధరను 12.5తో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఏ దుకాణంలో లెక్కించినా ఎంఓపీయే చవక అని తేలుతుంది, తేడా కొద్దిపాటిది కూడా కాదు. కనుక ప్రశ్నను ఇలా అడగాలి: ఎస్ఓపీకి పెట్టే అదనపు డబ్బు మన తోటలో ఏ పని చేస్తుంది?

ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు దీని జవాబు వివరించనక్కరలేదు. క్లోరైడ్ ఎక్కువైన ఆకు సరిగా కాలదని, సిగరెట్ పొగాకుకు ఎస్ఓపీ మాత్రమే వాడాలని అక్కడ తరాలుగా తెలుసు. యాపిల్‌కు క్లోరైడ్‌తో అంతటి వైరం లేదు గానీ, పండ్ల చెట్లు మొత్తం మీద దాన్ని ఇష్టపడవు. పేరుకుపోయిన క్లోరైడ్ ముందు ఆకు అంచును మాడుస్తుంది, అది చూడటానికి అచ్చం పొటాష్ లోపంలాగే ఉంటుంది, దాన్ని చూసి రైతు మరింత ఎంఓపీ వేస్తాడు. 700 గ్రాముల పొటాష్‌ను ఎంఓపీ రూపంలో ఇవ్వాలంటే 1.17 కిలోలు వేయాలి, దాంతో పాదులో అరకిలోకు పైగా క్లోరైడ్ పడుతుంది. ఆ క్లోరైడ్ ఏమవుతుందన్నదే ఇక్కడ నిర్ణయించే అంశం.

క్లోరైడ్‌ను మట్టి పట్టి ఉంచుకోదు, నీటితోపాటు కిందికి దిగిపోతుంది. సిమ్లా జిల్లాలోని కోట్‌గఢ్, జుబ్బల్, కోట్‌ఖాయి, రోహ్రూ వంటి చోట్ల డిసెంబరు, జనవరిలో వేసిన ఎంఓపీ మీద మంచు పడి, కరిగి, వసంతకాలపు వానలు కురిసి, మొగ్గ విచ్చే నాటికి క్లోరైడ్ చాలా భాగం వేళ్ల పరిధి దాటిపోతుంది. పొటాషియం మాత్రం మట్టిని అంటిపెట్టుకుని అక్కడే ఉంటుంది. నీరు బాగా ఇంకే నేలలో, ముదురు చెట్లకు, చలికాలంలో వేసే పొటాష్‌కు ఎస్ఓపీ కొనడం నా దృష్టిలో అనవసరపు ఖర్చు. అదే రాష్ట్రంలోని కినౌర్ ఎగువ భాగాల్లో పరిస్థితి వేరు. అక్కడ వర్షం తక్కువ, క్లోరైడ్‌ను కడిగేసేంత నీరు నేలలో దిగదు. ఎండాకాలంలో కాలువ నీటి మీద ఆధారపడే తోటలకు, నీరు నిలిచే బంకమట్టి నేలలకు, మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఆలస్యంగా వేసే సందర్భాలకు, మూడేళ్ల లోపు మొక్కలకు ఎస్ఓపీయే క్షేమం. ఉప్పుదనాన్ని కొలిచే సూచికలో సోడియం నైట్రేట్‌ను 100గా తీసుకుంటే ఎంఓపీ 116, ఎస్ఓపీ 46; లేత వేరుకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

గంధకం కోసం ఎస్ఓపీ కొనమన్న సలహా కూడా వింటుంటాం. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తున్న తోటకు గంధకం అందులోనే అందుతుంది, దానికోసం మళ్లీ డబ్బు పెట్టనక్కరలేదు. ఆకు పరీక్షలో మెగ్నీషియం తక్కువని వస్తే మాత్రం పొటాషియం షోనైట్‌ను పరిశీలించవచ్చు. అందులో పొటాష్ 23 శాతమే గానీ, మెగ్నీషియం కూడా కలిసి వస్తుంది కాబట్టి ఒకటి వేసి మరొకదానికి లోటు తెచ్చుకునే సమస్య తగ్గుతుంది. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసే పొటాష్‌లో 14.5 శాతమే ఉంటుంది. కొండదారిలో బస్తాలు మోయించే కూలి కూడా లెక్కలో వేస్తే, ఎగువ తోటలకు అది గిట్టుబాటు కాదు.

దేన్ని వేసినా వేసే చోటు ముఖ్యం. కాండానికి అడుగు దూరం వదిలి, కొమ్మల నీడ అంచు వరకు పలచగా చల్లి, మట్టిలో తేలికగా కలపాలి. పిడికెడు పిడికెడుగా కాండం మొదట్లో కుప్ప పోసిన పొటాష్ అక్కడి వేరును కాల్చి, మిగతా వేళ్లను ఆకలితో వదిలేస్తుంది. బాగా ఏటవాలుగా ఉన్న చోట ఎగువ వైపు అర్ధచంద్రాకారంలో లోతు తక్కువ గాడి తీసి అందులో వేసి మట్టి కప్పితే కొట్టుకుపోదు.

డ్రిప్ ఉన్న తోట

ఎం-9 వంటి పొట్టి వేరుమూలాల (చెట్టును పొట్టిగా ఉంచే అంటు మొదళ్ల) మీద హెక్టారుకు మూడు వేల చెట్ల వరకు పెట్టే సాంద్ర తోటల్లో పై లెక్కలు పనిచేయవు. అక్కడ వేరు వ్యవస్థ చిన్నది, డ్రిప్పర్ కింది తడి ప్రాంతానికే పరిమితమైనది, కాపు మూడో ఏటికే మొదలవుతుంది. చెట్టుకు ఇన్ని గ్రాములన్న పాత పద్ధతి వదిలి, హెక్టారుకు ఆశించే దిగుబడిని బట్టి లెక్క కట్టాలి. హెక్టారుకు 40 టన్నులు వస్తుందనుకుంటే పండ్లతో పోయేది సుమారు 52 కిలోల పొటాష్. దానికి చెట్టు పెరుగుదలకూ వృథాకూ కొంత కలిపి, దఫాలుగా ఇవ్వాలి. పండులోకి పొటాషియం చేరే వేగం పిందె రాలడం ఆగిన తర్వాత, కాయ ఊరే దశలో పెరుగుతుంది. మే నుంచి కోతకు మూడు నాలుగు వారాల ముందు వరకు దఫాలను పంచుకోవడానికి కారణం అదే.

ఈ తోటల్లో పోటీ 13-0-45కూ, 0-0-50కూ మధ్య నడుస్తుంది; ఈ మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. మొదటిది పొటాషియం నైట్రేట్, రెండవది నీటిలో పూర్తిగా కరిగే రకం ఎస్ఓపీ. 13-0-45 కొనేవారు అందులోని నత్రజనిని అదనపు లాభంగా చూపిస్తారు. 25 కిలోల సంచిలో ఉండే నత్రజని 3.25 కిలోలు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తున్నప్పుడు కిలో నత్రజని 13 రూపాయలకే పడుతుంది, అంటే సంచిలోని నత్రజని విలువ 42 రూపాయలు. పైగా జూలై తర్వాత ఆ నత్రజని మనకు మేలు కంటే కీడే చేస్తుంది: చెట్టు మళ్లీ చిగురు తొడుగుతుంది, రంగు ఆలస్యమవుతుంది, పండు మెత్తబడుతుంది. మే, జూన్ దఫాలకు 13-0-45, ఆ తర్వాతి దఫాలకు 0-0-50 అన్నది నేను సమర్థించే విభజన.

13-0-45కు ఉన్న నిజమైన బలం కరగడంలో ఉంది. 20 డిగ్రీల వేడిమి ఉన్న వంద లీటర్ల నీటిలో అది 31 కిలోల వరకు కరుగుతుంది, ఎస్ఓపీ 11 కిలోల దగ్గరే ఆగిపోతుంది. కానీ కొండ మీది నీరు 20 డిగ్రీలుండదు. మంచు కరిగిన నీటిలో, అది సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు, 13-0-45 కూడా 13 కిలోలకు మించి కరగదు. అదీ గాక, కరిగేటప్పుడు అది నీటిలోని వేడిని లాగేసుకుంటుంది. బకెట్‌లో వేసి కర్రతో నాలుగుసార్లు తిప్పేసరికి బకెట్ బయటి గోడకు చెమట పట్టి, పట్టుకున్న చెయ్యి జివ్వుమంటుంది, అడుగున తెల్లటి పలుకులు కదలకుండా మిగిలిపోతాయి. కరగలేదని మరికాస్త పోసి తిప్పడం వృథా. డ్రమ్మును ఎండలో ఉంచి మధ్యాహ్నం కలుపుకోవడం, ఒక్కసారే కాకుండా విడతలుగా వేయడం మేలు.

క్యాల్షియం నైట్రేట్ కూడా డ్రిప్‌లో ఇచ్చేవారు ఒక విషయం గమనించాలి. ఎస్ఓపీని దానితో ఒకే ట్యాంకులో కలిపితే జిప్సం ఏర్పడి, పాలలా తెల్లబడిన నీరు డ్రిప్పర్లను మూసేస్తుంది. 0-52-34ను కలిపినా క్యాల్షియం ఫాస్ఫేట్ రూపంలో అదే గతి. 13-0-45 మాత్రం క్యాల్షియం నైట్రేట్‌తో కలిసిపోతుంది. 0-52-34ను యాపిల్ తోటకు పొటాష్ కోసం కొనడం నాకు అర్థం కాని విషయం. అది భాస్వరం ఎరువు, పొటాష్ దాని వెంట వచ్చేది మాత్రమే.

రంగు కోసం పిచికారీ

కోతకు నెల రోజుల ముందు 0-0-50 కొడితే పండు ఎర్రబడుతుందన్న ప్రచారం ప్రతి ఆగస్టులోనూ వినిపిస్తుంది. పండు ఎరుపు దాని రకం మీద, పండుకు తగిలే వెలుతురు మీద, రాత్రి చలి మీద ఆధారపడి వస్తుంది. పొటాషియం లోపించిన చెట్టులో రంగు తగ్గడం నిజమే, ఆ లోపం తీరితే రంగు మెరుగవడమూ నిజమే. లోపం లేని చెట్టుకు అదనంగా కొట్టిన పొటాష్ అదనపు ఎరుపు తెస్తుందని నమ్మి డబ్బు పెట్టడం కంటే, వేసవి కత్తిరింపులతో చెట్టు లోపలికి వెలుతురు పంపడం మంచిది.

పిచికారీ పరిమాణం కూడా చూడండి. 200 లీటర్ల డ్రమ్ములో ఒక శాతం చొప్పున 2 కిలోల 13-0-45 కలిపితే మొత్తం పొటాష్ 900 గ్రాములు. ఆ డ్రమ్ము ఇరవై పెద్ద చెట్లకు సరిపోతుందనుకుంటే చెట్టుకు 45 గ్రాములు, అందులో ఆకు పీల్చుకునేది కొంతే. ఐదు పెట్టెల కాపుకు 130 గ్రాములు పోతాయని మొదట్లో చూశాం. ఎండాకాలం నేల ఎండి వేరు పనిచేయని కొద్ది వారాలు గట్టెక్కించడానికి పిచికారీ పనికొస్తుంది, నేలలో వేసేదానికి బదులు కాలేదు. బిట్టర్ పిట్ కనిపించే తోటలో అయితే ఆ డ్రమ్ములో పొటాష్‌కు బదులు 0.5 శాతం క్యాల్షియం క్లోరైడ్ ఉండాలి.

బస్తాలో లేని పొటాష్

పదేళ్ల చెట్టుకు వంద కిలోల పశువుల ఎరువు వేయాలన్నదీ అదే సిఫార్సులోని మాట. మాగిన పశువుల ఎరువులో పొటాష్ సుమారు అర శాతం ఉంటుంది కాబట్టి, వంద కిలోలు నిజంగా వేసిన రైతు 500 గ్రాముల పొటాష్ అప్పటికే వేసినట్టు. అలాగే పాదులో కప్పే పది కిలోల ఎండుగడ్డిలో వంద గ్రాములకు తగ్గకుండా పొటాషియం ఉంటుంది, అది మొదటి వానలకే చాలావరకు మట్టిలోకి దిగుతుంది. పశువులు ఉన్న ఇంటి తోటకూ, ఎరువంతా కొని తెచ్చుకునే తోటకూ ఒకే మోతాదు చెప్పడం సబబు కాదు. నా లెక్కలో మొదటి రకం రైతు, ఆకు పరీక్ష బాగుంటే, ఎంఓపీని సగానికి పైగా తగ్గించినా చెట్టుకు తెలియదు.

కట్టెల పొయ్యి బూడిద కూడా పాదుల్లోకే వెళుతుంది. పొటాష్ అన్న పేరు పుట్టిందే బూడిదను కుండలో మరిగించి తీయడం నుంచి. అయితే బూడిదలో సున్నం పాలు చాలా ఎక్కువ. ఆమ్లగుణం ఉన్న నేలకు అది మందులాంటిది, పీహెచ్ ఇప్పటికే ఏడు దాటిన నేలకు కాదు. కశ్మీర్ లోయలో షోపియాన్, పుల్వామా వైపు కరేవా మెట్టల్లో సున్నం ఎక్కువగా ఉండే నేలలు చాలా ఉన్నాయి. అక్కడ బూడిద వద్దు. ఆ నేలల్లో క్యాల్షియం, మెగ్నీషియం వేరు దగ్గర పొటాషియానికి అడ్డుపడతాయి కనుక, మట్టి పరీక్ష బాగుందని చెప్పినా ఆకులో లోటు కనిపించవచ్చు. రెండు నివేదికలు విభేదిస్తే ఆకు చెప్పిందే నమ్మాలి.

మన వైపు యాపిల్ అంటే ప్రధానంగా హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన హరిమన్ శర్మ రూపొందించిన, చలి తక్కువ ఉన్నా కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకమే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాన్ని నాటి పండించారు. ఇక్కడి నుంచి ప్రయత్నించేవారు సిమ్లా మోతాదును యథాతథంగా తెచ్చుకోకూడదు. నల్లరేగడి నేలల్లో సాధారణంగా పొటాష్‌కు కొదవ ఉండదు, నీరు కిందికి దిగడం కూడా నెమ్మదే, కనుక ఎంఓపీ వేస్తే కడిగేయడానికి మంచు రాదు. పరీక్షలో అవసరమని తేలితే ఎస్ఓపీని చిన్న దఫాల్లో, డ్రిప్ ఉంటే దాని ద్వారా ఇవ్వడమే మేలు. చింతపల్లి కొండల ఎర్రనేలల్లో ఆమ్లగుణం, వర్షం రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడ పొటాష్ నిలవదు. వర్షాలు తగ్గాక వేయాలి, ఏడాదికి ఒక్కసారి కాకుండా రెండుగా విడగొట్టాలి.

ఇంకా అనుమానం మిగిలినవారికి పెద్దగా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకే వయసు, ఒకే రకం ఉన్న పది చెట్లను ఎంచి, ఐదింటికి గుర్తుగా రంగు గుడ్డ కట్టి ఈ చలికాలం పొటాష్ మానేయండి, మిగతావన్నీ సమానంగా చేయండి. వచ్చే ఆగస్టులో రెండు గుంపుల ఆకులను వేర్వేరు సంచుల్లో పరీక్షకు పంపి, కోత తర్వాత ఒక్కో గుంపు నుంచి ఒక పెట్టెను జనవరి దాకా చల్లటి గదిలో ఉంచి విప్పి చూడండి.